మహారాజశ్రీ నానీ ట్రాప్ గారికి

మహారాజశ్రీ బాత్రూం మూల వాస్తవ్యులు, జాలీ కింద గిన్నెలా నీళ్లు నిలుపుకుని మురుగు వాసన పైకి రాకుండా ఆపే నానీ ట్రాప్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మామూలు ఉత్తరాల్లో ఈ మాట అలవాటుకొద్దీ రాస్తారు గానీ ఇక్కడ అక్షరాలా నిజం. మీ ఒంట్లో బాగోలేని రోజున మేం ముద్ద నోట్లో పెట్టుకోలేం.

మరాఠీవాళ్లు స్నానాలగదిని 'న్హాణీ' అంటారు. ఆ మాటే మేస్త్రీల నోట్లో నలిగి నలిగి మీకు పేరై స్థిరపడింది. మనవైపు అది పసిపిల్లాడి ముద్దుపేరు. ముద్దు పేరు దగ్గరే ఆగిపోయిందనుకోండి, మీ మొహం చూసి ఎన్నాళ్లయిందో ఏ ఇంటివాళ్లనడిగినా చెప్పలేరు. అయినా తెలుగులోనూ మీ పేరు సార్థకమే. నీళ్లలో నానుతున్నంత కాలమే మీరు నానీ. ఎండారా, ఒట్టి బొక్క.

గుమ్మానికి రెండు తాళాలు, వరండాలో సీసీ కెమెరా, పైన దిష్టి గుమ్మడికాయ. అంత కట్టుదిట్టమైన ఇంట్లో మురుగు గొట్టానికీ మా పడకగదికీ మధ్య ఉన్న కాపలా 50 మిల్లీమీటర్ల నీళ్లు! నిలిచిన నీటి పైమట్టం నుంచి, ఆ నీళ్లలో మునిగిన అడ్డుగోడ కింది అంచు దాకా ఉండాల్సిన లోతది; ఆ నీటి అడ్డునే సీల్ అంటారు. స్కేలు అడుగుదాకా దించితే వచ్చే లెక్క వేరు. దుకాణానికెళ్లి 'నాలుగంగుళాల ట్రాప్ ఇవ్వన్నా' అంటాం. నాలుగంగుళాలు గొట్టం కొలత. 'సీల్ ఎంత లోతు?' అని అడిగే నాథుడు లేడు కనుక లోతు తక్కువ సరుకు కూడా హాయిగా అమ్ముడుపోతుంది. పైన వేసే జాలీకి పువ్వుల డిజైనా, గీతల డిజైనా అని మాత్రం ఇంటిల్లిపాదీ గంటసేపు చర్చిస్తాం.

మీ కష్టాలకు మొదటి ముహూర్తం పెట్టేది వాస్తు. ఈశాన్యంలో ఉన్న బాత్రూం పనికిరాదంటారు, ఇంకో మూలకి జరుపుతారు. మురుగు గొట్టాలు దిగే డక్ట్ మాత్రం కట్టినచోటే ఉంటుంది. ఇప్పుడు 20 అడుగుల పైపు వేయాలి. నలభైకి ఒకటి చొప్పున వాలు ఇస్తే చివరికి 6 అంగుళాలు దిగాలి. పైపు వ్యాసం 4 అంగుళాలు. పైపుల కోసం బాత్రూం కింద అడుగు లోతు దించి పోసే సంకన్ స్లాబులో ఇక మిగిలింది 2 అంగుళాలు, అందులోనే వాటర్ ప్రూఫింగ్, బెడ్డు, టైలు అన్నీ ఇమడాలి. ఇమడవు. అప్పుడు మేస్త్రీ చేసేది ఒకటే: వాలు కోసేస్తాడు. పడుకోబెట్టిన పైపులో నీళ్లు నింపాదిగా నడుస్తాయి, సబ్బు జిడ్డూ ఇసుకా దారిలోనే కాపురం పెడతాయి. ఆ నీళ్లు ఓ జాయింటు దగ్గర సంకన్‌లోకి ఊరడం మొదలైతే తడి బయటపడేది కింది ఫ్లాటు సీలింగు మీద. ఈశాన్యం క్షేమం, అసోసియేషన్ మీటింగులో యుద్ధం.

టైల్సు వేసేవాళ్ల సంగతి సరేసరి. సిమెంటు పాలు, గ్రౌటు కడిగిన నీళ్లు, టైలు ముక్కలు అన్నీ మీ నోట్లోకే. పని మొదలుపెట్టే ముందు మీ మూతిలో గోనెసంచి కుక్కి కట్టేస్తే ఖర్చు సున్నా. కుక్కినవాళ్లు తీయడం మరిచిపోతే అది ఇంకో కథ.

ఇక మీకు గుడుగుడు ఎందుకొస్తుందో చెప్పాలి. ఐదో అంతస్తులో ఫ్లష్ కొడితే ఆ నీళ్లు దభేలున దిగుతూ వెనక గాలిని లాక్కుపోతాయి. ఆ గాలి మేడమీది వెంట్ పైపు నుంచి రావాలి. మేడమీద వాకింగ్ చేసేవారికి వాసనొస్తోందని ఎవరో పుణ్యాత్ములు దానికి పాలిథిన్ కవరు బిగించి తాడు కట్టారు. గాలికి దారి లేదు, మీ గొంతులోంచే లాగుతుంది, దాంతోపాటు మీ నీళ్లనూ. ఫోన్ టార్చి వేసి, జాలీ ఎత్తి, పైవాళ్లను ఫ్లష్ కొట్టమంటే కళ్లారా కనబడుతుంది. నీళ్లు కాస్త ఊగితే ఊగాయనుకోవచ్చు. గుటక వేసినట్టు కిందికి జారాయంటే మేడెక్కాల్సిందే. కింది అంతస్తులో రోగం తిరగబడుతుంది: నిలువు పైపు అడుగున మలుపు దగ్గర గాలి నొక్కుకుని మీ నోట నురగ తెప్పిస్తుంది. అందుకే గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూములను ఆ మలుపు దగ్గర కలపకుండా, విడిగా బయటి మురుగు చాంబరుకు వదలాలి. మలుపు కూడా ఒకే 90 డిగ్రీల బెండుతో కాక రెండు 45లతో తిప్పాలి.

మరో గండం వెంట్రుకలు. ఒక పాయ మీలో నీళ్లు పొర్లే గట్టుదాటి అవతలి పైపులోకి వేలాడిందంటే చాలు, దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు చుక్క చుక్కగా నీళ్లన్నీ అవతలికి లాగేస్తుంది. చిల్లు లేదు, పగులు లేదు, తెల్లారేసరికి సీల్ మాత్రం తరిగిపోయి ఉంటుంది.

అమెరికా పిల్లలొచ్చినప్పుడే తెరిచే బాత్రూంలో మీ తమ్ముడొకడున్నాడు. రోహిణి కార్తెకల్లా ఎండిపోతాడు. బొద్దింకలకు రాజమార్గం. బొద్దింకలేగా అనుకునేవారికి 2003 హాంకాంగ్ గుర్తుచేయాలి: అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకితే, దర్యాప్తులో తేలిన కారణాల్లో ఒకటి బాత్రూముల్లో ఎండిపోయిన ట్రాపులు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతుంటే గొట్టంలోని గాలి ఇళ్లలోకొచ్చింది. వారానికో చెంబు నీళ్లు, ఊరెళ్లేముందు పైన రెండు చెంచాల వంటనూనె పోస్తే ఆవిరి కావడం తగ్గుతుంది. అసలు వాష్ బేసిన్ గొట్టాన్ని మీ పక్క రంధ్రంలోకి కలిపేస్తే మొహం కడిగినప్పుడల్లా మీరూ నిండుతారు. అయితే మీకు అడ్డం పడిన రోజున మొహం కడిగిన నీళ్లు పాదాలు కూడా కడుగుతాయి.

ఇట్లు,
తమరి నీడన బతుకుతున్న పై అంతస్తు, కింది అంతస్తు వాళ్లు

తా.క. వాసన వచ్చినప్పుడల్లా మీ నోట్లో యాసిడ్ పోస్తున్నాం, ఏమీ అనుకోవద్దు. గట్టిపడిన సిమెంటును అది కొద్దికొద్దిగా తింటుంది గానీ, వెంట్రుకల ముద్దను ఏమీ చేయలేదు. ఆ యాసిడ్ మీద బ్లీచింగ్ కూడా చల్లితే క్లోరిన్ గ్యాస్ లేచి, మీకంటే ముందు మేమే బయటికి పరిగెత్తాలి. ఈసారి చేతికి తొడుగు వేసుకుని, జాలీ తీసి, ఆ ముద్దను బయటికి లాగుతాం.