పాత రైలు పెట్టెలు కదిలించే ముందు లెక్క చెప్పండి

వారసత్వ స్థలంలోని పాత రైలు పెట్టెలు తీసేస్తామంటే ఊరివాళ్లు అడ్డం పడతారు. తుప్పు పట్టిన ఇనుము కోసం ఇంత గొడవెందుకని అధికారులు విసుక్కుంటారు. ఒకసారి తీసింది మళ్లీ తిరిగి రాదన్న భయం గోదావరి జిల్లాల జనానికి ఊరికే రాలేదు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. నష్టాల పేరుతో 1940లో మూసేసి, యుద్ధ అవసరాలకు పట్టాలు పీక్కుపోయారు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా మళ్లీ రైలు నడిచింది 2004లోనే. అదే రాజమండ్రి హేవలాక్ వంతెన చూడండి. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. ఆ తర్వాత కూడా 56 స్పాన్లతో (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) ఉన్నచోటే ఉంది కాబట్టే దాన్ని పర్యాటకానికి వాడుకోవాలన్న మాటకు ఇవాళ అర్థముంది.

2027 పుష్కరాలు దగ్గరపడేకొద్దీ పార్కింగుకీ దారులకీ స్థలం కావాలంటారు. అప్పుడు వినిపించే మాట ఒకటే: పారేయం, వేరేచోట పెడతాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. పైనుంచి రంగు బాగానే కనిపిస్తుంది. వంగి మరుగుదొడ్డి కింద చూడండి. గోడ అడుగున పొడవునా వెళ్లే సోల్‌బార్ అనే ఉక్కు దూలం అక్కడే పొరలు పొరలుగా ఊడుతుంది. ఏళ్ల తరబడి నీళ్లు కారిన చోటది. క్రేన్ బరువెత్తే చోట్లు కూడా పెట్టె రెండు కొసల దగ్గరే, ఆ బలహీన భాగానికి చేరువలోనే ఉంటాయి. చూడకుండా ఎత్తితే నడుము జారుతుంది, తలుపులు బిగుసుకుపోతాయి, కిటికీ మూలలు చిట్లుతాయి. చెక్క పెట్టెల సంగతి ఇంకా సున్నితం. టేకు నిలువు కమ్మీల మొదళ్లు పుచ్చిపోయి ఉంటే, ఎత్తిన క్షణంలో గోడ అడుగు చట్రం నుంచి విడిపోతుంది.

అందుకే ముందు రంగు గీకి, సుత్తితో తట్టి, అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలవాలి. పొడవునా దారం కట్టి వంపు ఎంతుందో రాసుకోవాలి. తలుపు ఖాళీలకు ఐమూలగా ఇనుప కమ్మీలు బిగించాలి. పాత పెట్టెల గోడల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది, పరీక్షించకుండా రేకు కోయకూడదు. రెండు క్రేన్లతో రెండంగుళాలు లేపి, ఆగి, మళ్లీ అన్నీ చూడాలి. క్రేన్ అద్దె గంటల లెక్కన పడుతుంది కాబట్టి ఆ ఆగడాన్నే అందరూ ఎగ్గొడతారు.

ఇక దారి. కాలువ గట్ల రోడ్ల మీద అంత పొడవైన ట్రైలర్ మలుపు తిరగడం, కల్వర్టులు ఆ బరువు మోయడం ముందే తేల్చుకోవాలి. చేరేచోట కంకర, పట్టాలు, నీరు పోయే కాలువ సిద్ధంగా లేకపోతే డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. ఒక కొస దిగబడి పెట్టె మెలిపడుతుంది.

నిజంగా ముంపు ముప్పో, కూలే ప్రమాదమో ఉంటే తరలించడం తప్పదు. అది లేనప్పుడు పైకప్పు కారకుండా చేయడం, అడుగు రేకులో పేరుకున్న మట్టి కడిగి నీరు పోయే రంధ్రాలు తెరవడం, తుప్పు గీకి ప్రైమర్ కొట్టడం చాలా చవక.

అడ్డుపడుతున్నవాళ్లు నినాదాలతో ఆగకూడదు. రేకు మందం కొలతల నివేదిక, ఎత్తే పథకం, కొత్తచోటు ఫొటోలు, పెట్టె నంబరుతో యాజమాన్య పత్రం, బీమా, తిరిగి తెచ్చే తేదీ రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే. అవి చేతికొచ్చేదాకా క్రేన్‌ని గేటు దాటనివ్వకూడదు.