సవరణ: అమ్మోనియం సల్ఫేట్ లెక్క

మట్టిలోంచి వేరుచేసిన బాసిల్లస్ అనే బాక్టీరియాతో అమైలేజ్ (గంజిని విడగొట్టే ఎంజైమ్) తయారీ గురించి మొన్న రాసినదాంట్లో ఒక లెక్క తప్పు. ఎంజైమ్‌ను ద్రవంలోంచి వేరుచేయడానికి కలిపే ఉప్పు, అమ్మోనియం సల్ఫేట్, లెక్క అది. "80 శాతం సంతృప్తత అంటే లీటరు ద్రవానికి 800 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్" అన్నాను. కాదు. 25 డిగ్రీల దగ్గర, అసలు ఉప్పు కలపని ద్రవానికైతే, లీటరుకు సుమారు 560 గ్రాములు. చల్లగా ఉంచి చేస్తే ఇంకాస్త తక్కువ. జీవరసాయన ల్యాబ్ మాన్యువళ్లలో ఉండే పట్టికలో ఇదే ఉంటుంది. 80 శాతం అంటే ద్రవంలో గరిష్ఠంగా కరగగల ఉప్పులో 80 శాతం; ఆ శాతాన్ని బరువనుకోవడం నా పొరపాటే.

నేను చెప్పినట్టు 800 వేస్తే ఉప్పు పూర్తిగా కరగనే కరగదు. బీకరు అడుగున పలుకులు మిగులుతాయి, సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి బరువైనవాటిని అడుగుకు చేర్చే యంత్రంలో) తిప్పాక ఎంజైమ్‌తో పాటు అవీ అడుగుకు చేరతాయి. ఉప్పును ఐస్ మీద, చెంచా చెంచాగా, నురగ రాకుండా కలపాలి. నురగలో ప్రోటీన్ పాడవుతుంది.

ఇంకో మాట. "అవక్షేపం" (ద్రవంలోంచి విడిపోయి అడుగుకు చేరే ముద్ద) అన్నానని ఎంజైమ్ చచ్చిపోయిందని ఒకరిద్దరు అనుకున్నారు. ఉప్పు దాన్ని నీటిలోంచి బయటికి నెడుతుందంతే. నమ్మకం లేకపోతే ఆ ముద్దను బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) కరిగించి, డయాలిసిస్ సంచిలో (ఉప్పును బయటికి వదిలి ఎంజైమ్‌ను ఆపే పొర సంచిలో) ఉప్పు వదిలించి, గంజిపొడి కలిపిన అగార్ (జెల్లీ) ప్లేటు గుంటలో ఒక చుక్క వేయండి. కాసేపటికి అయోడిన్ పోస్తే ప్లేటంతా నల్లగా, గుంట చుట్టూ మాత్రం రంగు పట్టని వలయం కనిపిస్తుంది. అక్కడి గంజిని ఎంజైమ్ విడగొట్టేసిందన్నమాట, అంటే అది పనిచేస్తూనే ఉంది.

ఎరువుల దుకాణంలో దొరికే అమ్మోనియం సల్ఫేట్ మాత్రం వాడొద్దు. అందులో లోహాల మలినాలుంటాయి.