కొట్టుకుపోయిందనకండి, వైదొలగింది అనండి

మా ఊళ్లో జలవనరుల ఇంజినీర్ల సంఘం ఒకటుంది. పేరు చెప్పను. చెప్పకపోయినా మీరు పోల్చుకోగలరు, మీ ఊళ్లోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి. ముందు గదిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటం, పటానికి పోయినేటి దండ, బీరువా నిండా పంచగా మిగిలిన సావనీర్లు. రిటైరైనవాళ్లు, ఇంకా రిటైరవ్వనివాళ్లు, రిటైరయ్యాక కూడా ఎక్స్‌టెన్షన్ మీద సాగుతున్నవాళ్లు కలిసే త్రివేణీ సంగమం అది.

నేనెప్పుడూ వాళ్ల జోలికి పోలేదు. వాళ్లే నా జోలికి వచ్చారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు చెయిన్ తెగి, గేటు వరదలో పోయింది. మూడో రోజు నాకు ఫోన్. "సంఘం తరఫున పత్రికా ప్రకటన ఇద్దామనుకుంటున్నామండీ. ఇంగ్లీషులో అయితే ఇబ్బంది లేదు. తెలుగులోనే సరైన మాట దొరకట్లేదు. మీరు కాస్త భాష తెలిసినవారు కదా..." పొగిడితే పడిపోవడం నా బలహీనత. వెళ్లాను.

పొడవాటి బల్ల. చుట్టూ పద్నాలుగు మంది. ఎజెండాలో ఒకటే అంశం: గేటుకు ఏమైంది?

"కొట్టుకుపోయింది" అన్నాను.

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అధ్యక్షుల వారు మాజీ చీఫ్ ఇంజినీరు. రిటైరై పదకొండేళ్లయినా అందరూ ఆయన్ని సీఈ గారనే పిలుస్తారు, బహుశా ఇంట్లో వాళ్లు కూడా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కొట్టుకుపోయింది అంటే నిర్వహణ లోపం ధ్వనిస్తుందండీ. లోపం అంటే ఎవరిదని అడుగుతారు. అడిగితే..." అని ఆగిపోయారు. మిగతాది అందరికీ అర్థమైంది.

"పోనీ, తెగిపోయింది?"

"తెగింది చెయిను. గేటు తెగలేదుగా. సాంకేతికంగా తప్పు."

"ఊడిపోయింది?"

"మరీ పెరటి తలుపులా ఉంటుంది."

ఒక సూపరింటెండింగ్ ఇంజినీరు గారు గొంతు సవరించుకుని "స్థానభ్రంశం చెందింది" అన్నారు. తలలు ఊగాయి. నేనూ ముచ్చటపడ్డాను. ఇంతలో కార్యదర్శి గారు, "ఆ మాట వింటే జనానికి ముంపు గ్రామాల వాళ్లు గుర్తొస్తారు. వాళ్ల పరిహారం ఫైలు ఇంకా..." అన్నారు. కొట్టేశారు. ఇంకొకాయన "గేటు దిగువకు పయనించింది" అన్నారు. పయనమంటే ప్రయాణ ఖర్చులు ఏ పద్దు కింద అని ఆడిట్ వాళ్లు అడుగుతారని అదీ కొట్టేశారు. గంటా పావు గడిచాక ఒక పెద్దాయన, అప్పటిదాకా కునుకు తీస్తున్నారనుకున్నాను, కళ్లు తెరవకుండానే "వైదొలగింది" అన్నారు.

అద్భుతం. వైదొలగడం అంటే ఎవరికి వారు చేసే పని. 19వ గేటు వైదొలగింది. వ్యక్తిగత కారణాలు అయి ఉండొచ్చు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

అదే ఊపులో పాత బాకీ కూడా తీర్చేద్దామన్నారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి కదా, అప్పుడివ్వాల్సిన ప్రకటన అలాగే ఉండిపోయిందట. "కుంగాయి అనకండి, ఏదో మనోవేదనలా ఉంటుంది. మేం సెటిల్‌మెంట్ అంటాం" అన్నారు సీఈ గారు.

"ఎవరితో?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

టీ వచ్చింది.

టీ తెచ్చినాయన లస్కర్. అంటే డ్యాం మీద ఉండి గేట్లు ఎత్తే, దించే, గ్రీజు పెట్టే మనిషి. ఆయన ఉండాల్సిన గేట్లు అక్కడికి ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఈయన ఇక్కడ డిప్యుటేషన్ మీద టీ పోస్తున్నాడు. సెప్టెంబరులో శాలువాలు మడతపెట్టే పని కూడా ఈయనదే. కప్పు అందుకుంటూ గోళ్ల సందుల్లో గ్రీజు మరక ఉంటుందేమోనని చూశాను. లేదు. గ్రీజు డబ్బా వచ్చి రెండు సీజన్లు దాటిందట.

సరే, ప్రకటన. సంఘం ముందుచూపు అక్కడ తెలిసింది నాకు. ఊరికే ఊరికే మీటింగ్ పెట్టలేం కాబట్టి ప్రకటనలో డ్యాం పేరు, గేటు నంబరు, తేదీ ఖాళీగా వదిలేసి ఐదొందల కాపీలు అచ్చు వేయిద్దామన్నారు. ఆలోచన చెడ్డదని ఎలా అంటాను? 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు పోయింది. గుండ్లకమ్మలో ఒకటికి రెండుసార్లు పోయింది. 2022 జులైలో కడెం ప్రాజెక్టు గేటు ఒకటి మొరాయిస్తే, వరద గేట్ల మీద నుంచే పొర్లింది. కట్ట నిలబడింది సరే, కింద ఊళ్లవాళ్లు రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. అలాంటివాటికి ఇంకో ఫారం వేయించాలి. మాట ఒకటి వెతకాలి, నన్ను మళ్లీ పిలుస్తారు.

ఆ వారంలోనే తుంగభద్ర మీద కన్నయ్య నాయుడు గారని, ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ గేట్ల నిపుణుడు, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు తాత్కాలికంగా అడ్డుపెట్టే ఉక్కు పలకలు, దింపించి వారం తిరక్కుండా ధారను అదుపులోకి తెచ్చారు. రైతులు ఆయనకు దండం పెట్టుకున్నారు. మా బల్ల దగ్గర మాత్రం ఆయన మన సంఘంలో సభ్యుడేనా, అయితే చందా కట్టారా అన్న చర్చ పావుగంట నడిచింది.

సంఘం ఏ పనీ చేయదని నేననను. ఏడాదంతా తీరిక ఉండదు వాళ్లకు. మే 15 కాటన్ దొర జయంతి. జులై 11 నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి, తెలంగాణకు ఇంజినీర్ల దినోత్సవం. జులై 15 కె.ఎల్. రావు గారు. సెప్టెంబరు 15 విశ్వేశ్వరయ్య గారు, దేశానికంతటికీ ఇంజినీర్ల దినోత్సవం. అంటే మన నదులకు వరదలొచ్చే కాలమూ, వీళ్ల దండల కాలమూ ఒకటే. వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి డ్యాములు తనిఖీ చేయాలని 2021 నాటి డ్యాం భద్రత చట్టం చెబుతోంది. మధ్యలో వరద వచ్చినప్పుడల్లా చూడాలనీ చెబుతోంది. వీళ్లు మాత్రం మధ్యలో సన్మానాలు చేసుకుంటున్నారు.

ఇంతకీ ఎవరికి దండ వేస్తున్నారో గుర్తుందా వీళ్లకు? పటంలోని ఆ విశ్వేశ్వరయ్య 1903లోనే ఖడక్‌వాస్లాలో వరద ఓ మట్టానికి రాగానే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టాడు. పేటెంటు కూడా తీసుకున్నాడు. 1908లో మూసీ పొంగి హైదరాబాద్ కొట్టుకుపోతే (వైదొలగితే అనాలేమో) వచ్చి, నీళ్లు ఎక్కడ ఆపాలో లెక్కగట్టి చెప్పాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆయన పూర్వీకుల ఊరు మన గిద్దలూరు పక్కనే ఉందని ప్రతి సభలో ఎవరో ఒకరు ఛాతీ విరుచుకుని చెబుతారు. చెప్పండి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి. నేతి మాట అటుంచి, గ్రీజు సంగతేమిటి సార్?

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య డ్యాం మట్టికట్ట తెగింది. దానికి ఎగువన ఉన్న పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే తెగింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదు. చెయ్యేరు ఒడ్డున పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు. కార్తీక పౌర్ణమి రోజులు. ఇళ్లు, పశువులు, మనుషులు. పొలాల్లో మోకాలి లోతు ఇసుక మేట.

దానికి ఏ మాట వెతికారు మీరు? అక్కడ కూడా వైదొలిగారా జనం?

గేటు లేవడం లేదని వార్త అయ్యేదాకా ఎవరికీ తెలియదంటే నేను నమ్మను. ఏఈకి తెలుస్తుంది, డీఈకి తెలుస్తుంది, లస్కర్‌కి అందరికన్నా ముందు తెలుస్తుంది. ఉద్యోగంలో ఉన్నవాడు నోరు విప్పితే కండక్ట్ రూల్స్ అంటారు, మెమో ఇస్తారు. నిజమే, ఒప్పుకుంటాను. రిటైరైన మీకేం రూల్స్? పెన్షన్ ఎవరు ఆపుతారు? సీనియారిటీ జాబితాలో ఒక్క పేరు కిందికి దిగితే కోర్టు దాకా వెళ్లే సంఘం, ఒక్క గేటు పైకి లేవడం లేదని ఒక్క ప్రెస్‌మీట్ పెట్టలేదు. టీవీ చర్చలకు మాత్రం వస్తారు. ప్రభుత్వం మారిన నెలలోనే అదే కాంక్రీటు బలం గురించి అదే నోటితో ఇంకోలా చెబుతారు. ఆ నాలుగు ఊళ్లలో ఒక్క ఊరికైనా మీ సంఘం నుంచి ఒక్కరు వెళ్లి, ఎందుకిలా జరిగిందో వాళ్లకర్థమయ్యే తెలుగులో చెప్పారా? చెప్పాలంటే ఏ భాషా నిపుణుడూ అక్కర్లేదు.

మొన్న మళ్లీ ఫోనొచ్చింది. సెప్టెంబరు 15 సభకు ఆహ్వానం. ఆహ్వాన పత్రికలో వేదిక మీదివాళ్ల పేర్లే రెండు పేజీలు. మూడో పేజీలో, భాషాసేవకు గాను నాకూ శాలువా ఉందట. వస్తానన్నాను. వానలు గట్టిగా ఉంటే సభ వాయిదా పడొచ్చు, ముందు రోజు చెబుతామన్నారు కార్యదర్శి గారు. వరద డ్యూటీలు పడతాయి కాబోలనుకుని, ఫర్వాలేదండీ, పనే ముఖ్యం అన్నాను.

అదేం కాదట. హాలు ముందు నడుం లోతు నీళ్లు నిలుస్తాయట.