థర్మోస్టాట్ వాల్వు గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ థర్మోస్టాట్ వాల్వు గారికి,

ఉభయకుశలోపరి. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నీళ్ల దారికి కాపలా కాసే తమరు ఇప్పుడు ఏ షెడ్డులో, ఏ పాత నట్ల డబ్బాలో విశ్రాంతి తీసుకుంటున్నారో గానీ, తమరు లేని బండ్లు మా ఊళ్లో దర్జాగా తిరుగుతున్నాయి. మే నెలలో టవర్ క్లాక్ దగ్గర ఒక కారు ఆవిరి కక్కిందంటే తొలి శిక్ష తమరికే. "మన ఎండలకు ఇదెందుకప్పా, పీకేస్తే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి" అని తీర్పు. రేడియేటర్ జాలీలో పేరుకున్న దుమ్ము, బోరునీళ్లు పోసీ పోసీ రేడియేటర్‌లో కట్టిన ఉప్పు, తిరగని ఫ్యాన్, ఇవన్నీ నిర్దోషులుగా విడుదల.

తమరి కడుపులోని మైనం 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో కరిగి ఉబ్బితేనే రేడియేటర్‌కు దారి తెరుచుకుంటుందనీ, అందాకా నీళ్లు ఇంజన్లోనే చుట్టు తిరిగి తొందరగా వేడెక్కాలనీ ఎవరికి పట్టింది? బయట 42 డిగ్రీలుంటే ఇంజన్‌కు చలేమిటని నవ్వుతారు. 42కూ 88కూ మధ్య 46 డిగ్రీల లోటుందని చెప్పబోతే, లెక్కలు బడిలో చెప్పుకోమంటారు.

తమరు లేని సంగతి బయటపడదు కూడా. చలి ఊళ్లలో అయితే హీటర్ వెచ్చగా రావడం లేదని గోల చేస్తారు. మా జిల్లాలో హీటర్ నాబ్ తిప్పి చూసినవాడే అరుదు. ఇక్కడ సాక్ష్యం డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు ఒక్కటే. గుత్తి దాటి డోన్ వైపు ఎనభైలో పోతుంటే దిగిపోతుంది, కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే లేస్తుంది. గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే మరీ పడుతుంది. ఓనరేమో "మన బండి ఎంత కూలో చూడు" అని మురిసిపోతాడు. బండిలోని కంప్యూటరు మాత్రం ఇంజన్ ఇంకా నిద్రలేవలేదనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగి, అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. ఆయిల్ పలచనై పిస్టన్ రింగులు అరుగుతాయి. ఆవిరైపోవాల్సిన తేమ ఆయిల్ మూత కింద తెల్లటి జిగటగా పేరుకుంటుంది. అది చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని హెడ్ దించేస్తే, ఆ ఖర్చుకు తమరి లాంటివాళ్లు పదిమంది వచ్చేవారు. బీఎస్-6 డీజిల్ బండైతే ఇంకో సొగసు: ఇంజన్ తగినంత వేడెక్కనిదే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో ఆ మసి కాల్చే పని మొదలుకాదు.

అలాగని ముల్లు పడిన ప్రతిసారీ తమరినే అనడమూ అన్యాయమే. ముందు చల్లారిన ఇంజన్ మీద కూలెంట్, అంటే రేడియేటర్ నీళ్ల, మట్టం చూడాలి. తగ్గితే దాని వేడి కొలిచే సెన్సరు మొన గాలిలో ఉండి తప్పు చెబుతుంది. తర్వాత రాత్రంతా నిలిపిన బండికి, కంప్యూటరు లెక్కలు చదివే స్కానర్ పెట్టి, స్టార్ట్ చేయకముందే కూలెంట్ వేడినీ లోపలికొచ్చే గాలి వేడినీ పక్కపక్కన చదవాలి. రెండూ కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. గాలి 24 అంటుంటే కూలెంట్ 8 అంటోందా, తప్పు సెన్సరుదో, చిలుమెక్కిన కనెక్టరుదో. మైనస్ 40 అంటే వైరు తెగినట్టు. అనంతపురం హిమాలయాలకు మారలేదు.

సెన్సరు నిజమే చెబుతోందంటే అప్పుడు హోసు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా చేయి పెట్టి, రేడియేటర్ పై హోసు తాకి చూడాలి. (తమరి కాపురం కింది హోసు వైపైతే అదే తాకాలి.) తమరు డ్యూటీలో ఉంటే స్కానర్‌లో ఎనభై దాటేదాకా అది చల్లగానే ఉండి, ఉన్నట్టుండి చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. మొదటి నుంచే గోరువెచ్చగా మొదలై మెల్లమెల్లగా పెరిగితే తమరు నోరు తెరిచి బిగుసుకుపోయారు, లేదా అసలు లేరు. స్కానర్‌లో కనిపించే పీ 0128 అనే తప్పు కోడ్ మొత్తుకునేదీ ఇదే. దాన్ని చెరిపి పంపడానికే కొన్నిచోట్ల రిపేరని పేరు.

తమరిని విప్పాక పరీక్ష చవకే. గిన్నెడు నీళ్లు, థర్మామీటరు, ఒక దారం. వాల్వు అంచుకూ సీటుకూ మధ్య దారం ఇరికించి, గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి వేడి చేయాలి. తెరుచుకున్న క్షణాన తమరు దారం వదిలి కింద పడతారు. అప్పుడు థర్మామీటరు ఎంతంటే అంత. చల్లని నీళ్లలోనే తమరికి దారం పట్టే ఓపిక లేకపోతే కొత్తవారిని తెచ్చుకోవడమే.

అసలు వింత ఇది. కొన్ని ఇంజన్లలో తమరు తెరుచుకుంటూనే కింది బిళ్లతో, నీళ్లను రేడియేటర్‌కు పంపకుండా ఇంజన్లోకే తిప్పే బైపాస్ దారి మూస్తారు. తమరిని పీకితే ఆ దారి తెరిచే ఉంటుంది, నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లోకి తిరిగొస్తాయి. డిసెంబరులో చల్లగా, మే నెల ట్రాఫిక్‌లో మళ్లీ అదే ఆవిరి!

కాబట్టి తిరిగి ఉద్యోగంలో చేరవలసిందిగా ప్రార్థన. స్ప్రింగు ఇంజన్ వైపు, గాలి పోయే చిన్న పిన్ను పైకి, పాత గ్యాస్కెట్ గీకేసి కొత్తది, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్, చివర్లో గాలి పూర్తిగా తీసేయడం. అచ్చు మీద 88 ఉన్నచోట 88 వారే రావాలి. "మాది వేడి ఊరు" అని 76 వారిని సిఫార్సు చేస్తే ఒప్పుకోము.

ఇట్లు,
తమరి ఖాళీ సీటు మీద గ్యాస్కెట్ ఒక్కటే వేసి బిగించిన బండ్ల తరఫున