దారి తప్పడానికీ హోదా ఉండాలి

సముద్రంలో దారి తప్పడం నేరమా, కాదా? దీనికి దేశాలన్నీ కలిసి ఎప్పుడో జవాబు తేల్చేశాయి. పడవలో ఏముందో చూసి చెబుతారు. టార్పెడోలుంటే పొరపాటు, చేపలుంటే నేరం.

1981 అక్టోబర్ 27 రాత్రి ఒక సోవియట్ సబ్‌మెరైన్ స్వీడన్‌లోని కార్ల్స్‌క్రోనా నౌకాస్థావరం దగ్గర్లో రాళ్లెక్కి కూర్చుంది. పరికరాలు చెడిపోయి దారి తప్పామన్నారు. పాపం, చుట్టూ దిబ్బలున్న ఇరుకు నీళ్లలో ఒక్కో మలుపూ జాగ్రత్తగా తిరుగుతూ, సరిగ్గా నేవీ గుమ్మంలోకే దారి తప్పారు! మర్నాడు దాన్ని ముందుగా చూసింది కూడా నేవీ కాదు, ఒక జాలరి. బయటి నుంచి పరీక్షిస్తే యురేనియం జాడ దొరికింది, అంటే లోపల అణ్వాయుధాలున్నాయని అనుమానం. అయినా నవంబర్ 6న రాళ్ల మీంచి లాగి, సముద్రం దాకా సాగనంపారు. సారె ఒక్కటే తక్కువ.

ఇక మనవాళ్లు. 2018 నవంబర్ చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మన జాలర్లను పాకిస్తాన్ పట్టుకుంది. ఎక్కువ మంది శ్రీకాకుళం జిల్లా వాళ్లే, ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వైపు కుర్రాళ్లు. నీళ్ల మీద గీత ఎవరికి కనబడుతుంది? వాళ్లూ దారి తప్పామనే చెప్పారు. 2020 జనవరి 6న వాఘాలో 20 మందిని అప్పగించారు. యురేనియానికి పది రోజులు, చేపలకు పదమూడు నెలలు. ఈ విషయంలో మనమూ తక్కువ తినలేదు లెండి. అటు జాలరి ఇటొస్తే మన జైళ్లలోనూ ఇదే మర్యాద.

అమెరికా వాళ్లయితే దారి తప్పామని కూడా అనలేదు. సోవియట్లు తమ సొంతమనుకున్న ఒఖోట్‌స్క్ సముద్రంలోకి 1970లలో ‘హాలిబట్’ అనే సబ్‌మెరైన్‌ను పంపి, అడుగున ఉన్న నేవీ కేబుల్‌కు రికార్డర్ తగిలించారు. ఏళ్ల తరబడి వాళ్ల మాటలన్నీ విన్నారు. 1980లో పెల్టన్ అనే అమెరికా నిఘా సంస్థ మాజీ ఉద్యోగి సోవియట్లకు 35 వేల డాలర్లకు గుట్టు అమ్ముకునేదాకా అంతా సవ్యంగానే సాగింది. హాలిబట్ కూడా చేప పేరేనట. మన కుర్రాళ్ల కేసులో ఈ పాయింటు ఏ వకీలుకీ తట్టినట్టు లేదు.

మళ్లీ స్వీడన్‌కే వద్దాం, ఎందుకంటే అసలు విశేషం అక్కడే ఉంది. రాళ్ల సంఘటన తర్వాత వాళ్లకు నిద్ర పట్టలేదు. నీళ్లలో వింత చప్పుడు వినబడితే చాలు, రష్యా సబ్‌మెరైనే అన్నారు. అప్పటి ప్రధాని కార్ల్ బిల్ట్ ఏకంగా రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్‌కే ఉత్తరం రాశాడు. చివరికి 1996లో శాస్త్రవేత్తలను పిలిచి ఆ చప్పుడు వినిపిస్తే, అది హెర్రింగ్ చేపల గుంపు గాలి వదులుతున్న చప్పుడని తేలింది. హెర్రింగ్ అంటే మన కవళ్లకు దగ్గర చుట్టం. కళింగపట్నంలో ఏ ముసలి జాలరికి వినిపించినా, "చేపల గుంపు బాబూ, వల ఎయ్యండి" అనేవాడు. సలహా ఫీజు కింద ఒక బీడీ కట్ట అడిగేవాడేమో. రెండు దేశాల దౌత్యం చెడకుండా ఉండేది.

అందుకే నాదొక సూచన. వెరావల్ వెళ్లే ప్రతి పడవకూ నల్లరంగు వేసి, పైన ఒక పీవీసీ పైపు నిలబెట్టాలి. పడవలో ఉన్న పెద్దాయనను అందరూ ‘కమాండర్ గారూ’ అని పిలవాలి. పట్టుబడితే వల చూపించకూడదు, మాట్లాడకూడదు, పరికరాలు చెడిపోయాయని ఒక్క ముక్క చెప్పాలి. పది రోజుల్లో ఇంటికొచ్చేస్తారు.

ఇక్కడే మంచి జెట్టీలు కడితే అంత దూరం వలస పోవడం దేనికని కొందరు అమాయకులు అడుగుతుంటారు. జెట్టీ అంటే టెండర్లు, శంకుస్థాపనలు, మళ్లీ ఇంకో ప్రభుత్వం వచ్చి మళ్లీ శంకుస్థాపన. పైపుకు ఆ బాధ లేదు. సబ్సిడీ మీద ఇస్తే ఇంకా మేలు. దరఖాస్తుకు ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు జత చేస్తే చాలు. ఫోటోలో టోపీ తప్పనిసరి.