గులకరాయి హోదా పెరిగింది

కారు ముందద్దం మార్పించుకొచ్చి, బిల్లు చేత్తో పట్టుకుని లబోదిబోమనేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. బిల్లు చూసి కాదు, వాళ్ళ అజ్ఞానం చూసి. "అద్దమేగా!" అంటారు. అక్కడే పప్పులో కాలేశారు. లోపలి మిర్రర్ వెనకాల అద్దానికి అతుక్కుని ఒక నల్ల డబ్బా ఉంటుంది చూడండి, అందులో బండి తరఫున దారి చూసే కెమెరా కూర్చున్న రోజునే అద్దం అద్దం కావడం మానేసింది. ఇప్పుడది కంటిపొర. కంటి ఆపరేషన్‌కి వెళ్ళి గాజు రేటెంతని అడిగితే ఏ డాక్టరైనా నవ్వడా?

స్థలం ఎంపికలోనే ఇంజనీర్ల ప్రతిభ తెలుస్తుంది. బండి మొత్తంలో అతి సున్నితమైన పరికరాన్ని ఎక్కడ పెట్టాలా అని తలలు బద్దలు కొట్టుకుని, చివరికి ప్రతి రాయీ వచ్చి తగిలే చోటే పెట్టారు. కారణం లేకపోలేదు. అంత ఎత్తు నుంచి దారి బాగా కనబడుతుంది, బురద పడినా వైపర్ ఊడ్చేస్తుంది. 1903లో వైపర్‌కి పేటెంట్ తీసుకున్న మేరీ ఆండర్సన్, పాపం, డ్రైవర్ కళ్ళ గురించే ఆలోచించింది. తన రబ్బరు పట్టీ వందేళ్ళ తర్వాత ఒక కెమెరా కొలువులో చేరుతుందని ఊహించి ఉండదు. అదే ఏడాది ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి, పగిలినా చెదరకుండా ఉండిపోయిందంటారు. లోపల ఎండిపోయిన పొర ముక్కల్ని పట్టి ఉంచింది. రెండు గాజుల మధ్య ఒక పొర పెట్టి అతికే అద్దం అలా పుట్టింది. పగిలినా మనిషికి ముక్కలు గుచ్చుకోకూడదన్నది ఆయన ఆశయం. బిల్లు గుచ్చుకోవడం ఆయన పరిధిలోకి రాదు.

ఇక గులకరాయి సంగతి. ఒకప్పుడు దానికి ఏ విలువా లేదు. తగిలేది, చిన్న గంటు పడేది, రెసిన్ అనే జిగురు పోసి పూడ్చేవారు. ఇప్పుడూ పూడుస్తారు, రాయి మర్యాదగా ఓ పక్కకి తగిలితే. కెమెరా చూపు మేర తగిలిందా, రెసిన్ మాటెత్తకూడదు. అతుకులోంచి చూస్తే కెమెరాకి లోకం వంకరగా కనబడే ప్రమాదం ఉంది, కాబట్టి అద్దం మొత్తం మార్చాల్సిందే. ఆ కెమెరా దారికడ్డం వచ్చే మనిషిని పోల్చుకుంటుంది, సైకిల్‌ని పోల్చుకుంటుంది, వేగపరిమితి బోర్డు చదివి మనకు చూపిస్తుంది. తన మొహం మీదికి వస్తున్న రాయిని మాత్రం పట్టించుకోదు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ తీరే అంత.

బిల్లులో గాజు ఒక వరుస మాత్రమే. గాజులోనూ కులీనులున్నారు: శబ్దం ఆపే పొర ఉన్నది, మంచు కరిగించే తీగలున్నది, అద్దం మీద అంకెలు చూపించడానికి పొర మందం పైనుంచి కిందికి మారేది. ఆ పైన జిగురు, వాన సెన్సర్‌కి జెల్ ప్యాడు, కూలి. చిట్టచివర అసలు దేవుడు: క్యాలిబ్రేషన్, అంటే కొత్త అద్దం వెనక కెమెరా చూపు తిన్నగా ఉండేలా సరిచేయడం.

అది చూసి తరించాల్సిన తంతు. నేల సమతలంగా ఉండాలి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి. డిక్కీలో సామాను దించేయాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, కారు ఎదురుగా చెప్పిన దూరంలో, చెప్పిన ఎత్తులో నలుపు తెలుపు గళ్ళ బోర్డొకటి స్టాండు మీద నిలబెడతారు. కారు నడిమధ్య నుంచి బోర్డు నడిమధ్యకి లేజర్ గీత పడుతుంది. టెక్నీషియన్ ఊపిరి బిగబట్టి బోర్డుని మిల్లీమీటర్ అటు జరుపుతాడు, మిల్లీమీటర్ ఇటు జరుపుతాడు. ల్యాప్‌టాప్ దీర్ఘంగా ఆలోచించి 'ఫెయిల్డ్' అంటుంది. బోర్డు మీద ఎండ పొడ పడుతోందని షట్టర్ దించుతారు. మళ్ళీ మొదలు.

కొన్ని మోడళ్ళకి ఈ పూజ సరిపోదు, ఊరేగింపు కూడా కావాలి. కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కాన్ టూల్ తగిలించి, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు వెతుక్కుని, చెప్పిన వేగంతో నడపాలి. వాన ఉండకూడదు, ట్రాఫిక్ అడ్డు తగలకూడదు. అంటే కెమెరాకి దారి చూడటం నేర్పాలంటే, ముందు కెమెరా అవసరమే లేని దారి ఒకటి దొరకాలి.

ఇదంతా చాదస్తమని కొట్టిపారేయడానికీ లేదు. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే, 50 మీటర్ల అవతల చూపు దాదాపు 87 సెంటీమీటర్లు తప్పుతుంది. పక్క లేన్‌లో పోతున్న లారీ మన ముందున్నట్టు అనిపించవచ్చు, మన ముందున్నది పక్కకి పోయినట్టు అనిపించవచ్చు. తనంతట తానే బ్రేకు వేసే బండికి అది చిన్న పొరపాటు కాదు. ఈ వ్యాపారానికి బలం కూడా అదే. ప్రాణాలు అడ్డం పెట్టినచోట బేరం ఎవడాడతాడు? గాజు ఎందుకింత అంటే కెమెరా కోసం అంటారు. కెమెరాకి ఎందుకింత అంటే బోర్డులు, స్థలం, సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటారు. ఎవరి లెక్క వారిది, ఎవరి లెక్కా తప్పు కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దు. కెమెరా ఉన్న కారు అద్దం మార్పిడికి మామూలు అద్దానికయ్యేదానికి మూడు రెట్ల దాకా అవుతుందని అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2018లోనే చెప్పింది.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారా? ఉంది. పాలసీలో అద్దానికి కవరేజీ ఉందని ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసే ఉంటుంది. క్యాలిబ్రేషన్ మాటెత్తితే కొన్నిచోట్ల జవాబు మారుతుంది: అది వేరు, అద్దం అంటే అద్దమే. ఇందాక యజమాని నోట అజ్ఞానమైన ముక్కే, క్లెయిమ్ కౌంటర్ దగ్గర నిబంధన అవుతుందన్నమాట.

లాభం లేదని మాత్రం అనకూడదు. తనంతట తాను పడే బ్రేకు వల్ల ముందు బండిని వెనకనుంచి గుద్దే ప్రమాదాలు సగానికి తగ్గాయని అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ తేల్చింది. ఆ విధంగా బంపర్ దగ్గర మిగిలిందంతా అద్దానికి సమర్పయామి. ఈ గొడవంతా మనకెందుకులే అని కెమెరా లేని కారు కొందామన్నా దారులు మూసుకుపోతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఆటోమేటిక్ బ్రేకు, లేన్ తప్పకుండా పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి. అమెరికా 2024లో ఆటోమేటిక్ బ్రేకుకి 2029 సెప్టెంబరు గడువు పెట్టుకుంది.

ఇంత తంతూ నడిపించి, అప్పో సప్పో చేసి కన్ను బాగుచేయించుకున్న యజమాని కారెక్కి చేసే మొదటి పని లేన్ అసిస్ట్, అదే ఆ లేన్ తప్పకుండా పట్టి ఉంచే ఏర్పాటు, ఆపేయడం. ఆ కూతలు, స్టీరింగ్‌ని లాగే ఆ చెయ్యి ఆయనకి పడవు. యూరప్ నిబంధన ప్రకారం ఎన్నిసార్లు ఆపినా, మళ్ళీ బండి స్టార్ట్ చేయగానే అది తనంతట తాను లేచి కూర్చుంటుంది. అందుకని ఆయన రోజూ తాళం తిప్పగానే ఆ బటన్ నొక్కుతాడు. కారు మొత్తంలో క్యాలిబ్రేషన్ అక్కర్లేని భాగం ప్రస్తుతానికి అదొక్కటే.