పదమూడో రీఛార్జి

పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే పత్తిని మద్దతు ధరకు అమ్ముకోవచ్చని ఉమ్మడి వరంగల్ రైతు నిన్నమొన్నటి దాకా అనుకున్నాడు. 2025 వానాకాలం పంట చేతికొచ్చేసరికి ఆ వరుసలో ఫోన్ కూడా చేరింది. సీసీఐగా అందరూ పిలిచే భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ అనే యాప్ తెచ్చి, అందులో పేరు నమోదై, ముందుగా స్లాట్ బుక్ చేసుకున్న రైతు పత్తినే కొంటామని చెప్పింది. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. స్లాట్ దొరకని రైతు ఏనుమాముల మార్కెట్లోనో ఊరి దళారి దగ్గరో అంతకంటే తక్కువకు తెగనమ్ముకోవాల్సిందే. యాప్ పెట్టడం తప్పని మేము అనడం లేదు. మిల్లు గేటు ముందు రోజుల తరబడి ట్రాక్టర్లు బారులు తీరే బాధ తప్పించడానికి స్లాట్ పద్ధతి పనికొస్తుంది. అయితే ఆ యాప్ తెరవడానికి ఒక ఫోన్, అందులో నెట్, ఓటీపీ అందుకోవడానికి ప్రాణమున్న నంబరు కావాలి. వీటి ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఏ ఉత్తర్వులోనూ కనిపించదు.

ఈ ఖర్చు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. 2024 జూలైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు మూడూ ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో అప్పటిదాకా 179 రూపాయలున్న 28 రోజుల కనీస ప్యాక్ 199కి చేరింది. నెల అంటే మన ఇళ్లలో జీతానికీ అద్దెకూ ముప్పై రోజులు. ఫోన్‌కు మాత్రం నాలుగు వారాలే. కాబట్టి ఏడాదికి పన్నెండు రీఛార్జులు చాలవు, పదమూడు కావాలి. 30 రోజుల గడువుతో కనీసం ఒక్క ప్యాకైనా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఆదేశించినా జనం చేతిలో ఎక్కువగా తిరుగుతున్నది 28 రోజులదే. పదమూడు సార్లు 199 అంటే ఒక్క నంబరుకు 2,587 రూపాయలు. భార్యాభర్తలకు చెరొకటి ఉంటే ఐదు వేలు దాటుతుంది. ఈ ప్యాక్‌లో 28 రోజులకూ కలిపి వచ్చే డేటా 2 జీబీ. పిల్లవాడు పాఠం వీడియోలు నాలుగు చూస్తే అది వారానికే అయిపోతుంది.

రీఛార్జి గడువు దాటాక ఏమవుతుందో హన్మకొండ, వరంగల్ కూలీల అడ్డాల మీద నిలబడితే తెలుస్తుంది. మొదట బయటికి వెళ్లే కాల్ ఆగిపోతుంది. కొద్ది రోజులకు లోపలికి వచ్చే కాల్ కూడా ఆగుతుంది. రేపు స్లాబ్ పని ఉందని మేస్త్రీ పొద్దుగూకాక చేసే ఫోన్ అందకపోతే ఆ కూలీకి మరునాటి పని లేనట్టే. ఊళ్లో పత్తి ఏరడానికి ముఠా కట్టే మనిషి కూడా ఫోన్ కలిసినవాళ్లనే పిలుస్తుంది. అందుకే కిరాణా కొట్టులో ఉప్పు, పప్పు, సబ్బు రాసుకునే ఖాతా పుస్తకంలో ఇప్పుడు ‘ఫోన్’ అన్న పద్దు కూడా చేరుతోంది. కొట్టు యజమాని తన ఫోన్ నుంచి రీఛార్జి వేసి, కూలి డబ్బులు వచ్చాక ఇమ్మని రాసుకుంటాడు. ‘పైసలచ్చినంక ఇస్త, ఇయ్యాల్లైతే ఏయి’ అని బతిమాలే ఆ మాటలోనే ఈ సమస్య మొత్తం ఉంది. చాలాకాలం రీఛార్జి లేకపోతే నంబరే పోతుంది. కొత్త నంబరు తీసుకుంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి 75 రూపాయలు కట్టి మార్పించుకోవాలి, ఆపైన బ్యాంకు, గ్యాస్, రేషన్ కార్డు, ఒక్కొక్క చోటా మళ్లీ మొదటి నుంచి తిరగాలి. ఆ తిరుగుడుకు పోయే కూలి రోజులను ఎవరూ లెక్కపెట్టరు.

తెలంగాణలో పేద ఇంటి ఖర్చు గత రెండు మూడేళ్లలో కొంత తేలికపడిన మాట వాస్తవం. 200 యూనిట్ల లోపు కరెంటుకు సున్నా బిల్లు వస్తోంది, మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం, 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం అందుతోంది. ఇన్ని మాఫీల మధ్య, ఎవరూ మాఫీ చేయని, ఒక్క రోజు ఆలస్యాన్నీ ఒప్పుకోని బిల్లు ఫోన్ రీఛార్జే. పైగా ఈ పథకాలలో చాలావాటికి దారి ఆ ఫోన్ గుండానే వెళ్తుంది. ఇందిరమ్మ ఇంటి బిల్లుకు ఫొటో ఎక్కించాలి, ఉపాధి హామీ పనికి హాజరు 2023 జనవరి నుంచి దేశమంతటా యాప్‌లోనే పడింది. ప్రభుత్వమే తన కిటికీలను మూసి ఫోన్‌ను కిటికీగా పెట్టినప్పుడు, ఆ కిటికీ తెరిచే ఖర్చులో దానికీ వాటా ఉండాలని మేము కోరుతున్నాం.

దీనికి కొత్త పన్ను వేయనక్కరలేదు. ఆ కూలీ వేసుకున్న 199 రూపాయల రీఛార్జిలో 18 శాతం జీఎస్టీ ఉంది. అంటే సుమారు 30 రూపాయలు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులను సవరించి సబ్బులు, బిస్కెట్ల దాకా తగ్గించినప్పుడు కూడా రీఛార్జి 18 శాతంలోనే ఉండిపోయింది. మిగిలిన సొమ్ము కంపెనీ ఆదాయం. సవరించిన స్థూల ఆదాయంలో, అంటే అనుమతించిన మినహాయింపులు పోను మిగిలే ఆదాయంలో, 5 శాతాన్ని టెలికాం కంపెనీలు సార్వత్రిక సేవా నిధికి కట్టాలి. 199లో అది ఎనిమిది రూపాయల దాకా ఉంటుంది. కంపెనీ కడుతుందని పేరే గానీ అది వచ్చేది చందాదారు జేబులోంచే. గ్రామాలకూ మారుమూల ప్రాంతాలకూ ఫోన్ చేర్చడానికని 2002లో మొదలైన ఈ నిధికి మరుసటి ఏడాది చట్టబద్ధత వచ్చింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. మేడారం వెళ్లే దారిలో తాడ్వాయి అడవి అంచున బతికే కుటుంబం కూడా రెండు దశాబ్దాలుగా ఈ నిధికి చందా కడుతూనే ఉందన్నమాట.

ఆ నిధి ఇన్నాళ్లూ తీగల మీద, టవర్ల మీద ఖర్చయింది. 2011లో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్న పథకం రెండున్నర లక్షల పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయాలని బయలుదేరింది. గడువులు దాటీ దాటీ 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయల అంచనాతో మళ్లీ మొదలైంది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల పక్కనే గొట్టాలు వేసి రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకమైన టీ-ఫైబర్ కేబుల్ లాగారు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి టవర్ల ఖర్చును మేము కాదనము. రెండేళ్లకోసారి మేడారం జాతరకు తాత్కాలిక టవర్లు లేస్తాయి, జనం ఇళ్లకు మళ్లగానే అవీ మళ్లిపోతాయి. అక్కడే ఉండే కోయ కుటుంబాలకు తల్లులు గద్దెల మీద ఉన్న నాలుగు రోజులే ఫోన్ బాగా పలకాలన్న నియమమేమీ లేదు కదా. కానీ పంచాయతీ ఆఫీసు గోడ దాకా వచ్చి ఆగిన ఫైబర్‌కూ, దాని ఎదురింట్లో గడువు తీరిన సిమ్‌కూ మధ్య ఉన్న దూరాన్ని ఇంకో కేబుల్ పూడ్చలేదు. ఆ దూరం కిలోమీటర్లలో లేదు, 199 రూపాయల్లో ఉంది.

ఈ దూరాన్ని ఇతరులు ఎలా పూడ్చారో చూస్తే మనకు అమెరికా అనుభవం పనికొస్తుంది. అక్కడ 1985 నుంచే ‘లైఫ్‌లైన్’ పేరుతో పేద కుటుంబాల ఫోన్ బిల్లులో కొంత తగ్గిస్తున్నారు. ఇప్పుడది నెలకు 9.25 డాలర్ల దాకా. దానికి డబ్బు మన నిధి లాగే టెలికాం కంపెనీల నుంచి వసూలయ్యే చందాల ద్వారా వస్తుంది. కరోనా తర్వాత వాళ్లు అంతకంటే పెద్ద పథకం ఒకటి పెట్టి, ఇంటర్నెట్ బిల్లుకు నెలకు 30 డాలర్ల దాకా ఇచ్చారు. 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. అయితే ఆ సొమ్ము అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఒక్కసారికని మంజూరు చేసిన 1,420 కోట్ల డాలర్ల గ్రాంటు. అది అయిపోయింది, మళ్లీ ఇవ్వడానికి రాజకీయ అంగీకారం కుదరలేదు, 2024 జూన్ 1 నాటికి పథకం మూతపడింది. చందాతో నడిచే పాతది మాత్రం నిలిచింది. ఆ చందా రాజ్యాంగ విరుద్ధమని వేసిన దావాను అక్కడి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో తోసిపుచ్చింది. బడ్జెట్ దయ మీద బతికే సబ్సిడీకి ఆయుష్షు తక్కువ.

మన దేశంలో దయ చూపిన పద్ధతి ఇంకా విచిత్రం. ఛత్తీస్‌గఢ్‌లో 2018లో, రాజస్థాన్‌లో 2023లో మహిళలకు స్మార్ట్‌ఫోన్లు పంచడం మొదలుపెట్టారు. రెండుచోట్లా అది ఎన్నికల ఏడాదే, రెండుచోట్లా ప్రభుత్వం మారింది, పంపకం ఆగింది. ఫోన్ కొనివ్వడం ఫొటోకు బాగుంటుంది. దానికి ప్రతి నెలా మేత వేయడం ఎవరి ఫొటోలోనూ పడదు. కేరళ కాస్త భిన్నంగా ఆలోచించి 2023 జూన్‌లో కే-ఫోన్ అనే ప్రభుత్వ ఫైబర్ నెట్ ప్రారంభించి 20 లక్షల పేద ఇళ్లకు ఉచిత నెట్ ఇస్తామంది, కానీ తొలి దశలో పెట్టుకున్న లక్ష్యం నియోజకవర్గానికి వంద చొప్పున 14 వేల ఇళ్లే.

దేశంలో 86 శాతం ఇళ్లకు ఇంటర్నెట్ అందుతోందని 2025 తొలి మూడు నెలల్లో జరిగిన జాతీయ నమూనా సర్వే చెప్పింది కదా, ఇంకా సబ్సిడీ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో ఉందో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 26 మందే. పురుషుల్లో వాళ్లు సగానికి పైనే. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడి ఉంటుంది, కాదనం. అయినా రెండు నంబర్లలో ఒకదానికే డబ్బున్న నెలలో ఏది ఆగుతుందో జగిత్యాల, సిరిసిల్ల బీడీల చాటల ముందు కూర్చున్న ఏ అక్కను అడిగినా చెబుతుంది. మొగుడు పనికి పోతాడు కాబట్టి ఆయనకు ఫోన్ కావాలి. ఇంట్లో ఉండేదానికి ఎందుకని ఆమే తన నంబరు వదులుకుంటుంది. బీడీలు చుట్టడం ఇంట్లో ఉండటమే తప్ప పని కాదని ఆ ఇల్లు కూడా నమ్ముతోంది. సంఘం అప్పు వాయిదా సందేశాలు, బడి నుంచి పిల్ల గురించి వచ్చే కబురు మాత్రం ఆ నంబరుకే రావాలి.

కోర్టులు ఇప్పటికే ఈ దిశలో మాట్లాడాయి. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లో చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఆన్‌లైన్ గుర్తింపు నిర్ధారణ అయిన ఈ-కేవైసీలో పడుతున్న ఇబ్బందుల మీద 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడిపెట్టింది. చట్టమూ అడ్డు రాదు. డిజిటల్ భారత్ నిధి కోసం 2024 ఆగస్టులో తెచ్చిన నియమాలు మారుమూల ఊళ్లతో పాటు మహిళలు, దివ్యాంగులు, ఆర్థికంగా, సామాజికంగా వెనుకబడిన వర్గాలకు సేవలు చేర్చడానికీ ఆ సొమ్ము వాడవచ్చని చెబుతున్నాయి. పాతబడిన ‘గ్రామీణ’ సంకెళ్లు కూడా లేవు కనుక వరంగల్ నగరంలోని మురికివాడలకూ ఇవి వర్తిస్తాయి.

ఆహార భద్రత కార్డు ఉన్న ప్రతి ఇంట్లో ఒక మహిళ పేరిట ఉన్న ఒక నంబరుకు, ఏ కంపెనీదైనా సరే, ఏడాది పొడవునా గడువు తీరని కనీస రీఛార్జి ఖర్చును ఈ నిధి భరించాలని మేము కోరుతున్నాం. మాటలకూ సందేశాలకూ మాత్రమే ఏడాది గడువు దాకా ప్యాక్‌లు అమ్మవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. దానికి ఓటీపీలకూ, యాప్‌లకూ, పిల్లల పాఠానికీ సరిపడే కొంత డేటా చేర్చి టోకున కొంటే కంపెనీలు చిల్లర ధర అడగలేవు. అర్హుల జాబితా పౌర సరఫరాల శాఖ దగ్గర సిద్ధంగా ఉంది. ఉచితం అలవాటు చేస్తే బద్ధకం పెరుగుతుందనే వాదన ఈ విషయంలో ఎందుకు నిలవదంటే, ఈ డబ్బు ఆ చందాదారులు ముందే కట్టింది. దేశమంతటికీ ఒకేసారి కష్టమనుకుంటే ములుగు, ఆసిఫాబాద్ లాంటి ఏజెన్సీ జిల్లాలతో మొదలుపెట్టవచ్చు. ఈ మేరకు కేంద్ర టెలికాం శాఖకు ప్రతిపాదన పంపాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. నిధిలో మన వాటా మనకు రాలేదని పార్లమెంటులో అడగాల్సింది ఉత్తర తెలంగాణ ఎంపీలు, వాళ్లు ఏ పార్టీ వారైనా.

కేంద్రం కదిలేదాకా రాష్ట్రం చేతులు ముడుచుకోనక్కరలేదు. వచ్చే పత్తి సీజన్‌కు ముందే ప్రతి రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర ఒక ట్యాబ్, నెట్ పెట్టి, ఫోన్ లేని రైతుకూ గడువు తీరిన రైతుకూ స్లాట్ అక్కడే, ఓటీపీ బదులు వేలిముద్రతో బుక్ చేసేలా సీసీఐని ఒప్పించాలి. స్లాట్ చీటీ కాగితం మీద అచ్చువేసి చేతికివ్వాలి. మిల్లు గేటు దగ్గర ఆ కాగితం చెల్లాలి.